నోరు తెరవని పిల్లాడు, వెనక్కి తీయని స్పూన్

రెండున్నరేళ్ల పిల్లాడిని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు పెడతారు. థెరపిస్టు స్పూన్‌లో కొద్దిగా మెత్తటి తిండి తీసి పెదవుల దగ్గర పెడుతుంది. పిల్లాడు మొహం తిప్పుకుంటాడు. స్పూన్ అటు వెళ్తుంది. చేత్తో తోస్తాడు, మళ్లీ అక్కడికే వస్తుంది. ఏడుస్తాడు, అయినా వెనక్కి పోదు. నోరు తెరిచి ముద్ద తీసుకునేదాకా, లేదా ముందే అనుకున్న టైము అయిపోయేదాకా అది అక్కడే ఉంటుంది. ఉమ్మేస్తే మళ్లీ ఎత్తి పెడతారు. మింగితే చప్పట్లు, ఇష్టమైన బొమ్మ.

ఇదేదో విసుగులో చేసే పని అనుకునేరు. దీని మీద దశాబ్దాల పరిశోధన ఉంది. ‘ఎస్కేప్ ఎక్స్‌టింక్షన్’ అంటారు, అంటే తినకుండా తప్పించుకునే దారి మూసేయడం. అమెరికాలో పిల్లల తిండి సమస్యలకు ప్రత్యేకంగా నడిచే కేంద్రాల్లో ఇది పెరిగింది. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది ముక్కులో వేసిన గొట్టంతోనో, పొట్టకు రంధ్రం చేసి పెట్టిన గొట్టంతోనో బతుకుతున్నవాళ్లు. ఇప్పుడు హైదరాబాద్‌లోనే కాదు, మన జిల్లా కేంద్రాల్లోనూ ‘బిహేవియర్ థెరపీ’ (ప్రవర్తనను మార్చే చికిత్స) బోర్డులు కనిపిస్తున్నాయి. వీడియోలు చూసి ఇంట్లోనే మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. కాబట్టి బిడ్డ వద్దంటుంటే నోట్లో పెట్టడం ఎప్పుడు వైద్యం అవుతుంది, ఎప్పుడు బలవంతం అవుతుంది అన్నది నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రుల ప్రశ్న కూడా.

అసలు ఎవరి గురించి మాట్లాడుతున్నాం?

ముందు ఒక పెద్ద గుంపును పక్కన పెట్టాలి. ‘సార్, మా బాబు ఏం తింటలేడు’ అని డాక్టర్ దగ్గరికి తీసుకొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి ఏ జబ్బూ ఉండదు. 3 కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికల్లా 9 కిలోల దాకా వస్తాడు. రెండో ఏడాది మొత్తంలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. సరిగ్గా ఆ వయసులోనే కొత్త తిండి అంటే అనుమానం మొదలవుతుంది, ఐదారేళ్ల దాకా అది మామూలే. ఒక కూరను ఎనిమిది, పది సార్లు చూసి, ముట్టుకుని, వాసన పీల్చాక గానీ కొందరు నోట్లో పెట్టుకోరు. దానికితోడు పొద్దున గ్లాసు నిండా పాలు, పదింటికి బిస్కెట్లు, మధ్యలో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్. మధ్యాహ్నం పప్పన్నం వద్దంటే అందులో వింతేముంది? ఈ పిల్లలకు థెరపీ అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు కొంచెం ఓపిక, కిరాణా కొట్టుకు కొంచెం దూరం చాలు.

రెండో గుంపు చిన్నది, కష్టం మాత్రం పెద్దది. నెలలు నిండకుండా పుట్టి వారాల తరబడి గొట్టంతో పాలు తాగినవాళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద అదుపు లేకపోవడం) వల్ల మింగడం రానివాళ్లు, ఆటిజం ఉండి ఒకే రకం బిస్కెట్ తప్ప ఏదీ ముట్టనివాళ్లు, ఒకసారి గొంతులో అడ్డం పడి అప్పటినుంచి గట్టి పదార్థం చూస్తేనే వణికేవాళ్లు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఇలాంటి వాటిలో ఒక రకానికి ‘అర్ఫిడ్’ అని పేరు పెట్టింది. లావైపోతామన్న భయమేమీ లేకుండా, రంగో వాసనో మెత్తదనమో పడకనో, భయంతోనో, అసలు తిండి మీద ధ్యాసే లేకనో తినకపోవడం, దానివల్ల ఒంట్లో పోషకాలు పడిపోవడం దాని లక్షణం. 2019లో అమెరికా నిపుణులు మరో పెద్ద గొడుగు పట్టారు. పిల్లల తిండి సమస్యను నాలుగు వైపుల నుంచి చూడాలన్నారు: జబ్బు, పోషణ, నమిలి మింగే నైపుణ్యం, మనసూ కుటుంబమూ. బిహేవియర్ థెరపీ ఎక్కువగా ఈ నాలుగో దాని మీద పనిచేస్తుంది. మిగతా మూడూ చూడకుండా నేరుగా నాలుగో దాని దగ్గరికి వెళ్తేనే అసలు ప్రమాదం.

ఆ పద్ధతి లెక్క ఏమిటి?

తేలికైన లెక్కే. ఒకప్పుడు తింటే పిల్లాడికి నొప్పి కలిగింది. పుల్లటి రసం గొంతులోకి ఎగదన్నిందో, మలబద్ధకంతో పొట్ట బిగిసిందో, మెతుకు అడ్డం పడిందో. మరుసటి రోజు స్పూన్ కనబడగానే ఏడ్చాడు. తల్లి భయపడి తీసేసింది. ఏడిస్తే స్పూన్ పోతుందని వాడు నేర్చుకున్నాడు. మందులు వాడి నొప్పి తగ్గాక కూడా ఆ నేర్చుకున్నది మిగిలిపోయింది. తినడు కాబట్టి, తింటే ఇప్పుడు నొప్పి రాదని తెలుసుకునే అవకాశమూ రాదు. దీన్ని తెంపాలంటే ఏడ్చినా స్పూన్ పోకూడదు, అంతే. మొదట్లో ఏడుపు పెరుగుతుందని ఈ పద్ధతి వాడేవాళ్లే చెబుతారు. దాన్ని తట్టుకుని నిలబడితే తర్వాత తగ్గుతుందంటారు.

నోరు తెరవడం వరకే చూస్తే చాలామంది పిల్లల్లో ఇది పనిచేస్తుంది. 2003లో క్యాథ్లీన్ పియాజా బృందం అచ్చువేసిన పరిశోధనలో, తింటే బొమ్మ ఇస్తాం, మెచ్చుకుంటాం అన్న ఆశ ఒక్కటే పిల్లల చేత తినిపించలేకపోయింది. స్పూన్ వెనక్కి తీయకపోవడం తోడైనప్పుడే తిన్నారు. బహుమతులు కూడా కలిపితే కొందరిలో ఏడుపు తగ్గింది. ఇలాంటి పరిశోధనలు చాలావరకు ముగ్గురో నలుగురో పిల్లల మీద చేసినవి. ఒక్కొక్కరినీ చికిత్సకు ముందూ తర్వాతా పోల్చి చూస్తారు. ఆ పద్ధతి విలువ దానికుంది. కానీ ఐదేళ్ల తర్వాత ఆ పిల్లలు కంచం ముందు ఎలా కూర్చుంటున్నారో అందులోంచి తెలియదు.

అంతకుముందు 1996లో విలియం అహర్న్, ఆయన తోటివాళ్లు రెండు పద్ధతులను పోల్చారు. ఒకటి, స్పూన్‌ను పెదవుల దగ్గరే ఉంచడం. రెండోది, దవడ కీలు దగ్గర వేళ్లతో నొక్కి నోరు తెరిపించడం. రెండూ పనిచేశాయి. తల్లిదండ్రులు మొగ్గింది మాత్రం రెండో దానివైపు. అందులో భోజనం త్వరగా అయిపోయింది, గోల కూడా తక్కువ. ఇది చదివినప్పుడు నాకు తట్టిన ప్రశ్న ఒకటే: ఎవరిని అడిగారు? తిన్న ముద్దలు లెక్కపెట్టారు, అల్లరి లెక్కపెట్టారు, తల్లిదండ్రుల ఇష్టం రాసుకున్నారు. ఆ దవడ ఎవరిదో ఆ మనిషి అభిప్రాయం రాయడానికి గడి లేదు. దీన్ని ఆ పరిశోధకుల తప్పుగా చెప్పడం లేదు. ఏది కొలిస్తే అదే ఫలితం అవుతుంది, మిగతాది కనబడకుండా పోతుంది.

వద్దు అనే మాట విలువ

రెండేళ్ల పిల్లాడిని అనుమతి అడిగేదేముంది, టీకా వేయించేటప్పుడు అడుగుతున్నామా అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ టీకా ఒక్క నిమిషం పని. సూది గుచ్చాక అయిపోతుంది, పిల్లాడు దాన్ని ఇష్టపడాల్సిన అవసరం లేదు. తిండి రోజుకు నాలుగైదు సార్లు, బతికినంత కాలం. చివరికి తన చేత్తో తాను, ఆకలేసి తినాలి. ఆ చివరిదాకా చేర్చాల్సిన దారిలో బలవంతమే అడ్డం పడొచ్చు. 2006లో అమీ గాలోవే బృందం బడి ఈడుకు రాని మామూలు పిల్లలకు సూప్ ఇచ్చి చూసింది. సూప్ అయిపోయేదాకా తాగమని మళ్లీ మళ్లీ చెప్పినప్పుడు, ఏమీ అననప్పటి కంటే పిల్లలు తక్కువ తాగారు, ఆ సూప్ గురించి విసుగ్గా మాట్లాడారు. అక్కడ ఎవరూ దవడ పట్టుకోలేదు, కేకలు వేయలేదు. మర్యాదగా పోరు పెట్టారంతే.

అంతకంటే పెద్ద సంగతి, ఆ ‘వద్దు’ నిజమే కావచ్చు. మింగే కండరాలు సరిగా లేని పిల్లాడికి ముద్దలో కొంత ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. కొందరిలో దగ్గు కూడా రాదు, మాటిమాటికీ న్యుమోనియా మాత్రం వస్తుంది. ఆ పిల్లాడు నోరు మూసుకోవడం మొండితనం కాదు, ఒంటికి తెలిసిన జాగ్రత్త. రక్తం తక్కువైతే ఆకలి చస్తుంది. మలబద్ధకం, పుల్లటి రసం ఎగదన్నడం, అన్నవాహికలో అలర్జీ వాపు, టీబీ, ఏదైనా కావచ్చు. వీటిని తేల్చకుండా స్పూన్ పట్టుకుని నిలబడితే, నొప్పి ఉందని చెబుతున్న పిల్లాడి నోరు మూయించినట్టే, అదీ తిండి పెట్టి.

ప్రభుత్వ పద్ధతిలోనే దీనికి సాక్ష్యం ఉంది. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకు ‘ఆకలి పరీక్ష’ చేస్తారు. కొలిచిన పోషకాహారం తల్లి చేతికిచ్చి ప్రశాంతమైన చోట తినిపించమంటారు. బుజ్జగించవచ్చు, బలవంతం చేయకూడదు అన్నది ఆ పరీక్ష నియమం. ఎందుకంటే తినకపోవడమే అక్కడ చూడాల్సిన గుర్తు. తినకపోతే లోపల ఇంకేదో ఉందని అర్థం, పౌష్టికాహార పునరావాస కేంద్రంలో చేర్చుకోవాలి. బలవంతంగా తినిపించి పాస్ చేయిస్తే ఆ బిడ్డను ప్రమాదంలోకి నెట్టినట్టు. చావు బతుకుల మధ్య ఉన్న బిడ్డ ‘వద్దు’కే అంత విలువ ఉన్నప్పుడు, మామూలుగా ఆడుకుంటున్న పిల్లాడి ‘వద్దు’కు ఎంత ఉండాలి?

ఈ చికిత్స మీద గట్టిగా మాట్లాడేవాళ్లలో ఆటిజం ఉన్న పెద్దలూ ఉన్నారు. చిన్నప్పుడు తమకు నేర్పింది చెప్పినట్టు వినడమే తప్ప ఇంకేమీ కాదని వాళ్ల అభ్యంతరం. బడుల్లో మంచి స్పర్శ, చెడు స్పర్శ అని నేర్పుతున్నాం. నీ ఒంటి మీద హక్కు నీదే అంటున్నాం. అదే పిల్లాడికి, పెద్దవాళ్లు అనుకుంటే నీ నోరు కూడా తెరిపించగలరు అని రోజుకు నాలుగుసార్లు నేర్పడం ఎలా కుదురుతుంది?

రెండో పక్క

ఇంతవరకు చదివితే ఈ చికిత్స చేసేవాళ్లంతా కఠినాత్ములు అనిపించవచ్చు. అది అన్యాయం. మెదడు వేగంగా పెరిగే మొదటి రెండు మూడేళ్లలో పోషకాలు అందకపోతే పడే దెబ్బను తర్వాత పూర్తిగా సరిదిద్దలేం. పొట్టకు గొట్టం పెట్టడమంటే ఆపరేషన్, ఇన్ఫెక్షన్లు, ఏళ్ల తరబడి బడికి, పెళ్లిళ్లకు వెళ్లడానికి ఇబ్బంది పడటం. ఇవన్నీ తప్పించడానికి కొన్ని వారాల ఏడుపు భరించవచ్చు అన్నది వాళ్ల వాదన. వినాల్సిన వాదనే. అక్కడ ఆ ఏడుపు చుట్టూ డాక్టర్, డైటీషియన్, మింగడం పరీక్షించే స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఉంటారు. ప్రతి భోజనం రికార్డు అవుతుంది, ఎప్పుడు ఆపాలో ముందే రాసుకుంటారు.

నా అభ్యంతరం ఆ వాదనను బస్సెక్కించి ఇక్కడికి తీసుకురావడం మీద. గొట్టంతో పోలిస్తే మేలు కాబట్టి సరే అన్న మాట, గొట్టమే లేని పిల్లాడికి వర్తించదు. బరువు చార్టులో పచ్చగీత మీద ఉండి, కూరగాయలు ముట్టని పిల్లాడి దవడ నొక్కడానికి ఆ పోలిక అనుమతి ఇవ్వదు. చుట్టూ ఉండాల్సిన నలుగురు నిపుణులు లేకుండా మధ్యలోని స్పూన్ ఒక్కటే తెచ్చుకుంటే మిగిలేది మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే.

ఎప్పటినుంచో ఉన్నదంటే, స్పూన్ వెనక్కి తీయకపోవడం మనకు అమెరికా నేర్పనక్కర్లేదు. కాళ్లు చాపుకుని బిడ్డను అడ్డంగా పడుకోబెట్టి, ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో పోయడం పాత తరానికి బాగా తెలుసు. ఊపిరి కోసం నోరు తెరవక తప్పదు, తెరిస్తే మింగక తప్పదు. ఏడుస్తున్న బిడ్డకు అలా ఆముదమో నెయ్యో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి మొండి న్యుమోనియా వస్తుందని మన దేశంలోని పిల్లల డాక్టర్లు ఎన్నోసార్లు రాశారు. ‘నీకు తినిపియ్యరాదు, ఇటు తే’ అని కోడలి చేతిలో గిన్నె లాక్కునే అత్త కూడా ప్రేమతోనే లాక్కుంటుంది. తినకపోతే బూచోడొస్తడని, సూది ఏయిస్తమని భయపెట్టడం ఇంకో రకం. వీటన్నిటికంటే మెత్తగా కనిపించేది ఫోన్. బొమ్మలు చూపిస్తూ, పిల్లాడికి తెలియకుండానే ముద్ద మీద ముద్ద పెడతారు. ఏడుపు లేదు, గొడవ లేదు. అయితే తింటున్నానని కూడా తెలియని పిల్లాడు ఆకలి ఎప్పుడు తీరిందో ఎలా తెలుసుకుంటాడు?

నల్లగొండ చెప్పిన సంగతి

ఈ చర్చలో మన జిల్లాకు చోటుంది, చాలామందికి తెలియదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, విదేశీ శాస్త్రవేత్తలు కలిసి నల్లగొండ జిల్లాలోని 60 ఊళ్లలో, 600 మంది తల్లీబిడ్డలతో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2013లో వచ్చాయి. ఊళ్లను మూడు భాగాలు చేశారు. మొదటి దానిలో అంగన్‌వాడీ సేవలు మామూలుగానే నడిచాయి. రెండో దానిలో ఎప్పుడు, ఏం, ఎంత పెట్టాలో అదనంగా నేర్పారు. మూడో దానిలో దాంతోపాటు బిడ్డ సైగలు గమనిస్తూ, మాట్లాడుతూ, బలవంతం లేకుండా తినిపించడం, ఆడించడం నేర్పారు. నేర్పింది పెద్ద నిపుణులేమీ కాదు, శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లే. బిడ్డకు 3 నెలలప్పటి నుంచి 15 నెలలు వచ్చేదాకా ఇళ్లకు వెళ్లేవాళ్లు.

నేర్పిన రెండు చోట్లా పిల్లలు తినడం మెరుగైంది. ఎత్తు విషయంలో లాభం రెండో భాగంలోనే కనిపించింది, మూడో దానిలో లేదు. మానసిక ఎదుగుదల పరీక్షలో మాత్రం మూడో భాగం పిల్లలు ముందున్నారు. ఈ చిక్కును దాచకుండా చెప్పాలి. బలవంతం మానేస్తే అన్నీ వాటంతట అవే బాగుపడతాయని ఈ ప్రయోగం రుజువు చేయలేదు. బిడ్డ మాట వింటూ తినిపిస్తే తిండి తగ్గదని, బుర్రకు లాభమని చూపించింది. ఇవి మామూలు పిల్లలు, గొట్టం మీద ఉన్నవాళ్లు కారు. కాబట్టి అర్ఫిడ్ ఉన్న పిల్లాడికి ఇదే చాలని నేను అనడం లేదు. మొదటి మెట్టు ఇదని, అది మన ఊళ్లలో, మన ఆడవాళ్ల చేతుల్లో సాధ్యమని అంటున్నాను. తినిపించేటప్పుడు ఓపిగ్గా ఉండండి, ప్రోత్సహించండి, బలవంతం వద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 2003లో వచ్చిన మార్గదర్శకాలూ చెప్పాయి.

మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ మధ్య చాలానే ఉన్నాయి. ఏం పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్లు చూసుకుని, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లాడికే వదిలేయమన్నది అమెరికన్ డైటీషియన్ ఎలిన్ శాటర్ పద్ధతి. ముట్టుకోవడం, వాసన, నాలుకతో తాకడం, కొరకడం అని మెట్టుమెట్టుగా తీసుకెళ్లే పద్ధతులున్నాయి. బిహేవియర్ థెరపీలోనే, పిల్లాడు తినే దానిలో కొత్తది చిటికెడు కలిపి మెల్లగా పెంచడం ఉంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ముట్టని బిడ్డకు ఇష్టమైన పెరుగన్నంలో కొంచెం కలిపి చూడటం లాంటిదే ఇది. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో గొట్టం మీది పిల్లలకు డాక్టర్ల కాపలాలో గొట్టం పాలు తగ్గించి, ఆకలిని తిరిగి రానిస్తారు. అందులో బరువు తగ్గే ప్రమాదం ఉంది, విమర్శలూ ఉన్నాయి. బలవంతం లేని దారిలో ప్రమాదం ఉండదనేం లేదు.

పాలమూరులో ఇంకో లెక్క వేసుకోవాలి. ఏ పద్ధతైనా ఇంట్లో రోజూ ఒకే మనిషి, ఒకే తీరుగా కొనసాగిస్తేనే పనిచేస్తుంది. అమ్మానాన్నలు పుణెకో ముంబైకో పనికి పోయి, బిడ్డ ఊళ్లో అవ్వ దగ్గర ఉంటే? లేదా బిడ్డే బిల్డింగ్ పని దగ్గర ఇసుక కుప్ప మీద ఉంటే? సెంటర్‌లో మొదలుపెట్టి ఇంటి దగ్గర సగంలో ఆపేస్తే, ఇంకా గట్టిగా ఏడిస్తే స్పూన్ పోతుందని పిల్లాడు నేర్చుకుంటాడు. పడిన ఏడుపు పడిందే, దక్కింది ఏమీ లేదు. కొనసాగించలేమని తెలిసీ ఒక కుటుంబానికి ఈ చికిత్స అంటగట్టడం నా దృష్టిలో తప్పు. అది తల్లి తప్పు కానే కాదు. తినని బిడ్డ తల్లికి ఇంట్లో ఉండే టెన్షన్ చాలు, ‘మీరు సరిగా ఫాలో కాలేదు’ అనే మాట ఒకటి పైన పడనక్కర్లేదు.

నన్నడిగితే, జబ్బులన్నీ వెతికి, మింగే శక్తి పరీక్షించి, మెత్తటి దారులన్నీ నిజంగా ప్రయత్నించాక, బరువు ఇంకా పడిపోతూ గొట్టం తప్ప దారి లేదన్నప్పుడు, ఆసుపత్రిలో, టీమ్ మధ్యలో స్పూన్ వెనక్కి తీయని పద్ధతికి ఒక చోటుంది. అప్పుడు కూడా తల్లిదండ్రుల సంతకం ఇంగ్లిష్ ఫారం మీద కాకుండా, తెలుగులో కూర్చోబెట్టి చెప్పాక తీసుకోవాలి. ఎన్ని రోజులు చేస్తారో, ఏం జరిగితే ఆపేస్తారో ముందే చెప్పాలి. తల్లి లోపల కూర్చుని చూడవచ్చా అని అడగండి. బయట కూర్చోమంటే, ఎందుకో చెప్పలేకపోతే, బిడ్డను తీసుకుని వచ్చేయండి. ఏడుపు తగ్గిందా అని ఒక్కటే అడగొద్దు, స్పూన్ చూడగానే తనంతట తాను నోరు తెరుస్తున్నాడా అని అడగండి. అలసిపోయి ఊరుకున్న పిల్లాడు కూడా ఏడవడు.

మిగతావాళ్లు మొదలుపెట్టాల్సింది అంగన్‌వాడీ దగ్గరే. నెలనెలా బరువు తూచి చార్టు చూపించమనండి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించడానికి వస్తాయి. ఎదుగుదలలో తేడా ఉంటే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపడం వాళ్ల పని. నులిపురుగుల మాత్ర, రక్త పరీక్ష అక్కడే అయిపోతాయి. మోచేతి పైభాగం చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువున్నా, తింటుంటే దగ్గు వచ్చి పెదవులు నీలంగా మారుతున్నా, న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తున్నా, తినే పిల్లాడు ఉన్నట్టుండి నీళ్లు కూడా మానేసినా, ఏ పద్ధతి మంచిదా అని ఆలోచిస్తూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.